గుర్రం పక్కన సీటు

నర్గీజా, మీ నాన్న నా నంబరిచ్చాడట.
లోకం తిరగాలంటే ఏం చదవాలి అని అడిగావు.

మీ నాన్నా నేనూ ఒకే బెంచీ, నారిన్ బడిలో.
మాయ్‌రంకుల్ టీచరు తలా ఒక కాగితం ఇచ్చి
ఏమవుతారో రాయమంది.
బెక్టెమిర్ డాక్టరు అని రాసి, కొట్టేసి,
పళ్ల డాక్టరు అని రాశాడు.
నేను ఊళ్ల పేర్లు రాశాను.
మాంటెవీడియో, ఒసాకా, లీజ్.
అట్లాసు వెనక పేజీల్లోంచి
నోరు తిరగనివి ముందు ఏరుకుని.
ఇవి ఉద్యోగాలు కావు అంది టీచరు.
ఎర్ర సిరా పెట్టలేదు. జాలిపడిందేమో.

విమానంలో టీలు అందించే పనికి బిష్కెక్ వెళ్లాను.
గోడమీద గీసిన గీతకి రెండు వేళ్లు తక్కువ.
ఓడ వాళ్లు ఈత వచ్చా అన్నారు.
మా ఏట్లో కరిగిన మంచు తప్ప ఎవరూ ఈదరు.
దుబాసీ పనికి మూడు భాషలు కావాలన్నారు.
కిర్గిజ్, రష్యన్, గుర్రం
అన్నాను. నవ్వారు.

ఆ మూడోదే చివరికి కూడు పెట్టింది.

సరుకుల విమానంలో పందెపు గుర్రాల పక్కన
ఉండడానికి మనిషి కావాలట.
కిటికీ లేదు. జీతం ఉన్నట్టూ లేనట్టూ.
గుర్రం ఎగరావచ్చు అన్నవాళ్లెవరో గానీ
ఎగిరేటప్పుడు దాని మెడ పట్టుకుని
ఒకరు నిలబడాలని అనుకుని ఉండరు.
తుర్సునై అత్త మాత్రం
"ఇక్కడుండి గుడ్డిగుర్రానికి పళ్లు తోమేకన్నా
నయం, పో" అంది.

పైకి లేస్తుంటే వాటికీ చెవులు దిబ్బడ వేస్తాయి.
గడ్డి నమిలితే విడుస్తుంది.
నమలనిదానికి నా అరచెయ్యే, నుదుటిమీద,
అరగంట, ముప్పావుగంట.
కింద ఏ సముద్రమో
దానికీ తెలీదు, నాకూ తెలీదు.

పదకొండేళ్లు కాలికి బలపం కట్టుకుని తిరిగాను.
నలభై ఒక్క దేశాలు.
చూసింది మాత్రం నలభై ఒక్క గోదాములు.
ఆస్ట్రేలియా అంటే బూట్లు ముంచే మందునీళ్ల తొట్టి.
చికాగో అంటే తన మోకాలినొప్పి గురించి
తెల్లారేదాకా చెప్పిన కాపలాదారు,
సగం రొట్టె నాకిచ్చినవాడు.
ఒసాకాలో పశువుల డాక్టరమ్మ
సూది గుచ్చేముందు గుర్రానికి వంగి దణ్ణం పెట్టింది.
గుడులవీ మేడలవీ ఫోటోలు నా దగ్గర లేవు.

దాచను నీ దగ్గర.
ఎడమచేతి ఉంగరపు వేలు ఒక పోనీ కొరికింది,
ఉంగరం సంగతీ దాంతోనే సరి.
అట్లాంటిక్ మీద ఒక మూడేళ్లది
భయంతో పెట్టెను తన్ని తన్ని
ఆగలేదు.
వంద టన్నుల సరుకు, ఆరుగురు మనుషులు.
డాక్టరు సంచీ తెరిచాడు.
నేను దాని కన్ను కప్పి, మా ఊరి మాటలు చెప్పాను,
అయిపోయాక కూడా కాసేపు.

ఇంకోసారి, షార్జా నుంచి,
నిజంగానే ఒక గుడ్డిగుర్రం ఎక్కింది.
పదిహేడేళ్ల ఎర్రది. ఎన్ని పిల్లల్ని కన్నదో.
మిగతావి చెమటతో వణుకుతుంటే
అదొక్కటే నిబ్బరంగా నిలబడింది.
కిటికీ లేదని దానికేం కొరత?
లీజ్‌లో తలుపు తెరిచారు.
మెడ చాచి, ముక్కుపుటాలు విప్పి,
ఆ తెల్లవారుజామునంతా లోపలికి పీల్చుకుంది.
తడి సిమెంటు, కిరోసిను, దూరాన ఎక్కడో కాలుతున్న ఆకులు.
పక్కనే నిలబడి నేనూ పీల్చాను.
అట్లాసులో వేలు పెట్టిన ఊరు
మొదటిసారి అప్పుడొచ్చాను,
అంతకుముందు ఇరవైసార్లు దిగినచోటికి.

కంపెనీవాళ్లు ఆఫీసులో కుర్చీ ఇస్తామంటున్నారు.
పింఛను ఉంటుంది. కిటికీ కూడా.
ఇంకా చెప్పలేదు ఏమీ.

నువ్వడిగినదానికి జవాబు ఇదేనా అంటే, ఏమో.
మీ నాన్న కుర్చీలో కూర్చుని ఊరి నోళ్లన్నీ చూశాడు,
అతన్నీ అడుగు.
పిలుస్తున్నారు. రెండు కోడెలు, ఒక ముసలిది.
ముసలిది అప్పుడే నా జేబు వెతుకుతోంది.
ఎక్కడికో
కాగితం ఇంకా విప్పలేదు.