కుట్టులో వదిలిన గుడ్డ

హసావీలో మా దర్జీ కొట్టు షట్టరు సగం దించాక
మా సంఘం మొదలవుతుంది.
ఇస్త్రీ బల్ల మీద పాత ల్యాప్‌టాప్,
పక్కన సుద్దముక్క, టేపు, చల్లారిపోయిన సులేమానీ.
శుక్రవారాలు అయిదుగురం.
మిగతా రోజులు నేనూ, నా మిషనూ.

మొదట్లో ఒక కంపెనీ వాళ్ళ సైటు ఉండేది.
తళతళలాడేది. నెలకి పద్దెనిమిది దీనార్లు,
అంటే ఆరు దిష్దాషాల కుట్టుకూలి.
జీతం రానివాళ్ళు, దెబ్బలు తిన్నవాళ్ళు,
పెట్టెలో ఇంటికి పోవాల్సినవాళ్ళ తాలూకు మనుషులు
అందులో పేరు రాస్తే మేం ఫోన్ చేసేవాళ్ళం.
పాస్‌పోర్టు నంబరు దగ్గర ఒక ఎర్ర నక్షత్రం.
అది నింపకుండా మీట నొక్కితే
పేజీ మళ్ళీ మొదటికొచ్చేది.

కఫీలు బీరువాలో పాస్‌పోర్టున్న మనిషి
నంబరు ఎక్కణ్ణుంచి తెస్తుంది?
కంపెనీకి రాశాం.
మీ సూచన చాలా విలువైనది అన్నారు.
మళ్ళీ రాశాం. మళ్ళీ విలువైనదే అన్నారు.
మూడోసారి ఆ విలువెంతో చెప్పారు.

రెడీమేడ్ చొక్కా తిరగేసి చూడండి,
కుట్టు పక్కన గోరంత గుడ్డ వదలరు.
ఒళ్ళు చేస్తే విప్పి వదులు చెయ్యలేం.
రాజంపేటలో మా నాయన కుట్టిన ప్రతి జాకెట్టుకీ
లోపల అంగుళం దాచేవాడు.
రేపటి మనిషి ఎంతుంటాదో మనకేం తెలుసురా, అనేవాడు.

ఓబులేశు జమియాలో డబ్బాలు సర్దే కుర్రాడు,
డిప్లొమా సగంలో వదిలేసి వచ్చినోడు.
వాడు తెచ్చాడు రెండోదాన్ని.
ఎక్కడెక్కడివాళ్ళో రాసి
కుట్లన్నీ కనబడేలా తిరగేసి
అందరి ముందూ ఆరేసినదాన్ని.
"ఉత్తినే వచ్చేదాంట్లో మెలిక ఉంటుంది" అన్నాడు మస్తాన్ వలీ,
ఉత్తి మాటలు నమ్మే ఈ దేశం వచ్చి
పదహారేళ్ళుగా ఎవరిదో బండి నడుపుతున్నవాడు.
ఆయన్ని ఒప్పించలేకపోయాం.
ఇప్పటికీ ఒప్పుకోడు. చందా మాత్రం తప్పడు.

ఆ రాత్రి ఓబులేశు ఒక వరుస వెతికి పట్టుకుని
నేను తప్పు కాజా విప్పేటంత నెమ్మదిగా
నక్షత్రాన్ని ఊడదీశాడు.
అంతే. 'తప్పనిసరి' అనే ఒక్క మాట.

వారం తిరక్కుండా, తెల్లారుజామున మూడింటికి
ఒక పేరు పడింది. మునెమ్మ.
పుట్టిన తేదీ: వానలు పడని ఏడు.
చిరునామా: కిటికీలోంచి నీలం చారల నీళ్ళ టవరు కనపడతాది.
పాస్‌పోర్టు: ఏమీ లేదు.
ఆ ఖాళీ గడిని అయిదుగురం చాలాసేపు చూశాం.

ఇది చెప్పి, ఉచితం అంటే అబద్ధమే అవుతుంది.
జూన్‌లో అకామా రద్దయి ఓబులేశు వెళ్ళిపోయాడు.
తాళం మాట వాడి తలలోనే విమానమెక్కింది.
పదకొండు రోజులు సైటు సున్నం కొట్టిన గోడ.
ఆ పదకొండు రోజుల్లో ఎవరు వచ్చి తట్టారో
నా కొలతల పుస్తకంలో లేదు.
తర్వాత కొత్త కూర్పు వేస్తే ఒత్తులన్నీ ఊడిపడ్డాయి.
'కష్టం' రెండు ముక్కలై, ట విడిగా నిలబడింది.
నల్లగుడ్డ మీద సుద్దతో పెద్దగా రాసి,
ఇలా ఉండాలి అని ఫొటో తీసి పంపాను.
తెలుగు రానివాళ్ళెవరో,
ఆ పేరెలా పలకాలో నాకూ రాదు,
రెండు రాత్రులు కూర్చుని అతికించి పంపారు.
డబ్బడగలేదు. గుడ్డ ఏం రకమని అడిగారు.

మునెమ్మ సంగతి.
నీలం చారల టవర్లు ఈ ఊళ్ళో ఒకటా రెండా,
గుంపులు గుంపులుగా ఉంటాయి.
ఒప్పుకోని మస్తాన్ వలీయే నాలుగు శుక్రవారాలు
సొంత పెట్రోలుతో తిరిగాడు.

మొన్న ఆమె కొట్టుకొచ్చింది,
ఎడమ మణికట్టుకి కట్టు, చేతిలో ప్లాస్టిక్ కవరు.
అందులో నీలం పుస్తకం.
బల్ల పక్కన నిలబడే అడిగింది,
"అన్నా, ఆ గడి ఇంకా ఖాళీగానే పెట్టినారా?"
ఆమె ఒక్కో అంకె చదువుతోంది.
నేను ఒక్కో అంకె కొడుతున్నాను.