ఆది లేని జాకెట్టు

గుణుపురంలో మా కొట్టు మెట్టు మీద
అల్లం మడుల మట్టి రాలిందంటే
ఆ రోజు సంత.
సొంబారి ఆ మట్టితోనే వచ్చి నిలబడింది,
పెదాల మధ్య అడ్డపొగ, నిప్పు లోపలివైపు.

"జాకెట్టు గావాల."

ఆది తెచ్చావా, అన్నాను.
ఎవరినైనా మొదట అడిగేది అదేగా.
పాతదొకటి బల్ల మీద పడేస్తే
దాని చుట్టూ సుద్దముక్కతో గీసేస్తాను,
మనిషిని ముట్టుకోనక్కర్లేదు.

"నేదు. ఎప్పుడూ తొడగనేదు."

మరి ఇప్పుడెందుకు?

"వార్డు మెంబర్నయినాను గదా.
ఆపీసులో ఇనప కుర్సీ ఏసినారు.
ఈపుకి సల్లగా తగుల్తంది."

టేపు తీశాను.
నా పుస్తకంలో పేర్లు తెలుగులో ఉంటాయి,
అంకెలు ఒడియాలో.
ఒకటి అమ్మ నేర్పింది, ఒకటి బడి.
ఇరవై ఏళ్ళుగా ఒకే గీత మీద కూర్చుంటున్నాయి,
తగువు లేదు.
ఛాతీ. నడుము. చేతి రౌండు.
చెయ్యెత్తు, అన్నాను.
చింతకొమ్మ వంచేంత ఎత్తింది,
టేపు జారి కింద పడింది.

నా దగ్గరికొచ్చే చేతులు
దండ మార్చుకునేంత లేస్తే చాలు.
ఈ చేతికి చంక కింద
నాలుగు పలకల ముక్క ఒకటి పడాలి, ఏటవాలు గుడ్డలోంచి.
మా పెద్దత్త వేసేది పాతకాలం రవికలకి.
అదెలా మడవాలో గుర్తొచ్చేసరికి
రెండు న్యూస్‌పేపర్లు పాడయ్యాయి.

ఆపైన వీపు.

ఈ మార్గశిరమంతా నేను వీపులు కోస్తూనే ఉన్నాను.
కుండ మెడ, ఆకు మెడ, బాదంకాయ మెడ,
నడుందాకా దిగిపోయి
రెండు తాళ్ళతో, తాళ్ళకి గంటలతో ఆగే మెడ.
కోసిన ముక్కలన్నీ మిషను కింద
బియ్యం సంచిలో నెలవంకలు.
పారేయబుద్ధి కాలేదు.
ఒక్కోటీ ఒక్కో పెళ్ళికూతురి వీపు మధ్య.

లోపల లైనింగుకి డెబ్బై అవుతుందంటే
సొంబారి తల అడ్డంగా తిప్పింది.
సంచి గుమ్మరించాను.
పాత్రో గారమ్మాయి కుంకుమరంగు,
సాహు బాబు కోడలి నెమలికంఠం,
రెల్లి వీధి కాసులమ్మ చిలకాకుపచ్చ,
ఎవరిదో గుర్తులేని ఇటుకరంగు,
మొత్తం పదకొండు,
ఒకదాని అంచు ఒకటి కరుచుకునేలా,
జరీ గుచ్చుకోకుండా తిరగేసి.
బయటికేమీ కనబడదు.
ముతక తెల్ల వీపు, మెడ ఎముక దాకా.
మిగిలిన చిలకాకుపచ్చతో లోపల జేబు,
చుట్టకీ అగ్గిపెట్టెకీ.
ఎక్కడుండాలో తనే వేలు పెట్టి చూపించింది.

తొడుక్కుని అద్దం వైపు చూడలేదు.
హుక్సు ఐదుంటే రెండు పెట్టి వదిలేసింది.
వెళ్ళి సిమెంటు గోడకి ఆనుకుని కూర్చుంది.
రాత్రంతా వంశధార మంచు తాగిన గోడ.
చాలాసేపు ఏమీ అనలేదు.
నాకు మిషను తొక్కడానికి కాలు ఆడలేదు.

"సలి నేదు," అంది.

మూడో సంతకి మళ్ళీ వచ్చింది.
ఆరిపోయిందనుకుని పెట్టుకుందట చుట్ట,
జేబు దగ్గర రూపాయంత కాలింది,
కన్నంలోంచి కాసులమ్మ పచ్చ.

అతుకెయ్యనా?

"ఒద్దు. ఇంకోటి కుట్టు."

పుస్తకం తెరిచి, అలవాటుకొద్దీ, ఆది అన్నాను.
కొంగు చాటున విప్పి
బల్ల మీద పెట్టింది.

ఇంకా వెచ్చగా ఉంది.