సిఫార్సు

నాంపల్లిల, గోడ పక్కన, నీలం టార్పాలిన్ కింద
నాదొక బల్ల, ఒక పాత లాప్‌టాప్,
ఆటో బ్యాటరీ మీద నడిచే ప్రింటరు.
మామూలు అర్జీకి ముప్పై. లోకాయుక్తకైతే నలభై.
అఫిడవిట్ ఉంటది, ప్రతులు ఎక్కువ పడతయి.

ఈరమణి వచ్చిన నాడు వాన.
మోండా మార్కెట్ల చింతచిగురు అమ్ముతది.
కవరు లోపల కవరు, దాని లోపల ఇంకో కవరు,
అన్నిటి లోపల మొగని మరణ ధ్రువపత్రం.
లింగం అన్న కాడ: స్త్రీ.

దిద్దమని పోతే సర్కిల్ ఆఫీసు గుమస్తా
కాగితం ఎత్తిపట్టి హాలంతా వినేటట్టు చదివిండట.
“ఇరవై రెండేండ్లు ఆడమనిషితోనా కాపురం చేసినవ్?”
నవ్విండట.
వరుసల ఉన్నోళ్లు గూడ నవ్విండ్రట.
“వాళ్లనేం అనను సారూ, వాళ్లకు పని గావాలె గద.”

లంచం అడిగిండా?
అడగలే.
కొట్టిండా, నూకిండా, కులం పేరు ఎత్తిండా?
లే.
మరి ఏం రాయమంటవమ్మా?
“నవ్విండని రాయి.”

నా వేళ్లకు ముప్పై ఏండ్ల అలవాటు.
‘సదరు ఉద్యోగి నా యెడల అనుచితముగా ప్రవర్తించినాడు’
అని కొట్టిన.
చదివి వినిపిస్తే, కొంగుతోని కాగితం అంచు తుడుస్తూ
“ఇండ్ల నవ్వు ఏడున్నది?” అన్నది.
ఉన్నదమ్మా, లోపల ఉన్నది, అన్న.

పిలుపొచ్చింది. పోయొచ్చింది.
పెద్దాయన మంచోడట.
కుర్చీ ఏపిచ్చిండు, మంచినీళ్లు ఇప్పిచ్చిండు,
మొత్తం ఇన్నడు.
నడుమ ఒక్కసారి కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండట.
ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పింది.

పదకొండో నెలల కాగితం.
నేనే చదివి పెట్టిన.
‘తగు చర్య నిమిత్తం సంబంధిత శాఖకు
సిఫార్సు చేయడమైనది.
ధ్రువపత్రము సవరణ మా పరిధిలోనిది కాదు.
ఇంతటితో ఫిర్యాదు ముగించడమైనది.’

సిఫార్సు.
ఈ పట్నంల ఆ మాట బరువెంతో ఆమెకు ఎరుకే.
బడిల సీటుకు, దవాఖానల మంచానికి, నల్లా కనెక్షనుకు
అది లేకనే గదా ఎప్పటికీ ఎనుక వరుస.
“అంత పెద్దాయన నాకు సిఫార్సు జేసిండా!”
చింతచిగురు చేతులు రెండూ జోడించింది
గోడ అవతలి దిక్కు.
ఆ మొఖం మీది వెలుగు ఎట్ల ఆర్పాలె
నలభై రూపాయలు తీసుకున్నోణ్ణి.

చట్టం ఆయనకు చెవులిచ్చింది.
చేతులు మాత్రం శాఖ కాడనే ఉంచుకున్నది.
శాఖ అంటే మళ్లా ఆ బిల్డింగే,
మెట్లెక్కితే గుమస్తా సారు పై సారు,
ఇద్దరి టిఫిన్ డబ్బాలు ఒక్క కిటికీలనే.

మొన్న ఇంటిపన్ను పేరు మార్పుకు మలక్‌పేట పోయిన.
మూడో కౌంటరు.
నా ముంగట ఒక ముసలాయన, చెవికి మిషను.
కౌంటరు లోపలోడు ఆయన దరఖాస్తు ఎత్తిపట్టి
గట్టిగ చదవవట్టిండు. ఆపి, నవ్విండు.
నేను ఎన్నడూ ఇనని నవ్వు.
ఇనంగనే గుర్తుపట్టిన.
బదిలీ అయి వచ్చిండన్నమాట.
అనుచితం కాదది, నేను కొట్టిన ఏ మాటా కాదు,
తడి బల్ల మీద గ్లాసు జరిపినట్టు ఒక చప్పుడు.

వరుసల అందరం నవ్వినం.
నాకు పని గావాలె గద.

పేరు మారింది. రసీదు ఇచ్చిండు. “నమస్తే సార్” గూడ అన్నడు.

మళ్లా టార్పాలిన్ కింద కూసున్న.
ఫిర్యాదుదారు అన్న కాడ నా పేరు.
సంఘటన వివరం అన్న కాడ
చానాసేపు ఏం కొట్టలే.
అవతల బస్సులు, ఇవతల ఈగలు.
‘నవ్విండు’ అని కొట్టిన.
చూసి, చెరిపి,
‘నవ్వినం’ అని కొట్టిన.

ప్రింటరు ఎర్ర లైటు. బ్యాటరీ దిగింది.
ఈరమణి మొగడు ఇంకా స్త్రీయే.