ఆ నెంబరు

పాలకొల్లు లాకుల దగ్గర మా ప్రెస్సు.
శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, చేపల మేత బిల్లు పుస్తకాలు.
ఇరవయ్యారేళ్లుగా
ఎవరేం రాసిస్తే అది అచ్చేశాను.
తప్పులు దిద్దేవాణ్ణి గానీ
అబద్ధాలు దిద్దడం నా పని కాదనుకునేవాణ్ణి.

తాతబ్బాయి వాళ్ల తాత ముత్యాలయ్యని నేనెరుగుదును.
తెల్లారకముందే కాలవగట్టు మీద
నేల ఉసిరి పీకేవాడు, వేరుతో సహా.
వావిలాకు తుంచేవాడు, ఎవరితోనూ మాట్లాడకుండా.
కామెర్ల పిల్లల్ని భుజానేసుకొచ్చిన వాళ్లకి
గుక్కెడు పసరు, మూడ్రోజుల పత్యం.
డబ్బు తీసుకుంటే మందు పనిచెయ్యదనేవాడు.
నయం కానివాళ్లూ ఉండే ఉంటారు.
వాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

మనవడు డబ్బాల్లోకి దిగాడు.
వాతవజ్ర చూర్ణం.
ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు, మూలన గోదారి పడవ.
'నూటికి నూరుపాళ్లూ ప్రకృతి సిద్ధం.
ఎటువంటి దుష్ఫలితాలూ లేవు.'
లైసెన్సు నెంబరు దగ్గర మాత్రం ఖాళీ.
"ఏదో ఒకటెయ్యి బాబాయ్, బోసిగా ఉంటే బాగోదు."
ఎదురుగా గోడకి కరెంటు మీటరు.
దాని మీద అంకెలే ఎక్కించాను,
ముందో 'ఆయుర్' తగిలించి.
ఇద్దరం నవ్వుకున్నాం. వాడు టీ తెప్పించాడు.

బాకీ కింద రెండు డజన్ల డబ్బాలిచ్చాడు.
మా వరహాలుకి మోకాళ్లు.
వారం తిరక్కుండా మేడమెట్లెక్కింది,
చలిమిడి దంచింది, ఒక్కతే లాకులు దాటి మార్కెట్టుకెళ్లొచ్చింది.
మూణ్ణెల్లకి మొహం గుండ్రంగా తిరిగింది.
పున్నమి చంద్రుడివే అన్నాను.
వీధిలో ఆడవాళ్లు మందు పేరడిగారు.
ఏడిళ్లకి నేనే పట్టుకెళ్లి ఇచ్చాను.

భీమవరం నుంచి ఇనస్పెక్టరమ్మ వచ్చింది, ఎస్తేరు రాణి గారు.
చూర్ణాన్ని నాలుగు వాటాలు చేసి
లక్క కరిగించి సీళ్లేసింది.
నాన్న పోయాక మా అన్నదమ్ములం పొలం పంచుకున్నప్పుడు కూడా
అంత నిక్కచ్చిగా జరగలేదు.
"మా తాతల మందు మీద మీ పెత్తనమేంటండీ!"
తాతబ్బాయి గొంతు లేపాడు.
ఆయ్, అదేగా అంది జనం.
ఆవిడ లక్క ఊదుకుంటూ,
"తాతగారి మందైతే నాకేం అడ్డండీ.
ఇందులో తాతగారెంతున్నారో చూద్దామని."

సాక్షి సంతకం కావాలంటే అందరూ జారుకున్నారు.
నేను పెట్టాను.
నెంబరు సంగతి చెప్పలేదు.

కొట్టు మూతపడింది. ఇంట్లో ఆఖరి డబ్బా నిండుకుంది.
నాలుగోనాడు పొద్దున్న వరహాలు
మంచం మీంచి లేవలేక, పిలవలేక,
గ్లాసు కింద పడేసి నన్ను లేపింది.
డాక్టరు ఆ చంద్రబింబాన్ని వేలితో నొక్కి చూసి
"ఎన్నాళ్లుగా తింటున్నారమ్మా" అన్నాడు.
ఒక్కసారిగా మానకూడదట.
ఒక్కో మెట్టే దిగాలట.

వరికోతలయ్యాక విజయవాడ నుంచి కాగితమొచ్చింది.
వావిలాకు జాడ లేదు. శొంఠి కాస్త.
తక్కినదంతా బియ్యప్పిండి,
మందుల కొట్లో చీటీ లేందే ఇవ్వకూడని స్టెరాయిడ్.

ఏడిళ్లకీ వెళ్లి చెప్పాలి.
నాలుగయ్యాయి.
ఐదో ఇంటామె తలుపు తియ్యలేదు,
నొప్పుల్లేని ఆ మూణ్ణెల్లూ ఎవడిస్తాడని
లోపల్నుంచే అడిగింది.

నిన్న ఎస్తేరు రాణి గారు ప్రెస్సుకొచ్చారు, చేతిలో లేబులు.
"ఈ నెంబరు మా రికార్డుల్లో ఎక్కడా లేదండీ.
ఏ ఆఫీసిచ్చింది?"
మిషను ఆపాను.
గోడ వైపు చూపించాను.

ఆవిడ మీటరు దగ్గరికెళ్లి
ఒక్కో అంకే చదువుతూ, పెన్నుతో చుక్క పెడుతూ,
అచ్చం నేను ప్రూఫు చూసుకున్నట్టే
సరిచూసుకున్నారు.

ఒక్క అచ్చుతప్పు లేదు.