రంగు గడి

పుస్తకంలో నాలుగు గడులు గీశాను, అన్సెల్మో.
నంబరు, తల్లి, తండ్రి, రంగు.
మొదటి మూడూ నువ్వు చెప్పినట్టే రాశాను.

రాగి గని నిన్ను ఇంటికి పంపేసిన ఏడాది
లార్డ్స్‌బర్గ్ రోడ్డు వార, వాన వెలిసిన రాత్రి
నీకు దొరికింది ఆ ఎడారి కింగ్‌స్నేక్.
నల్లటి వీపు. పక్కల మీద
ఎవరో పసుపు చిలకరించి చేతులు దులుపుకున్నట్టు చుక్కలు.
సంచీ, చొక్కా, పికప్ సీటూ మూడు వారాలు కంపు.
గిలకపామునే మింగే జీవం,
దాని దారిన దాన్ని పోనీ అన్నాను.
"ఈ పసుపు వీపంతా పాకేలా చేస్తాను" అన్నావు.

కారు ఎండలోకి పోయింది.
గ్యారేజీ నిండా చెక్క అరలు, ప్లాస్టిక్ డబ్బాలు.
మా అమ్మ ఇచ్చిన ఫ్రిజ్జు
గుడ్లు పొదిగే పెట్టె అయింది.
చలికాలమంతా వాటిని నిద్రపుచ్చి, మార్చిలో లేపి,
పచ్చనిదానికి పచ్చనిదాన్ని జత కలిపి,
ఆగస్టులో పెంకు చీల్చుకొచ్చే ముక్కుల కోసం
నువ్వు నిద్ర మానేసేవాడివి.
బూటు లేసంత లేని పిల్ల, తోకకు గిలకైనా లేదు,
కాగితం మీద తోక వాయించి మనల్ని బెదిరించేది.

దీపం కింద పట్టుకుని చెప్పేవాడివి:
మొక్కజొన్న.
వెన్న.
గుమ్మడిపువ్వు.
నేను రాసేదాన్ని:
మీగడ.
సుద్ద.
ఉతికి ఆరేసిన దుప్పటి.

మొదట్లో మొక్కజొన్న అంటే ఇద్దరికీ మొక్కజొన్నే.
ఎక్కడ విడిపోయామో వెనక్కి తిప్పి చూశాను.
నూట పన్నెండో నంబరు దగ్గర
"పచ్చ" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.
కామెర్ల కంటికి లోకమంతా పచ్చన అంటారు.
నీకు కామెర్లు లేవు. వయసు
కంట్లోకి టీ డికాషన్‌లా దిగుతోందని నాకేం తెలుసు?
ఒక ఏడాది పరాచికమనుకున్నాను.
మరో ఏడాది నా కళ్లే పోయాయనుకున్నాను.
తర్వాత ఊరుకున్నాను.

టూసాన్ కుర్రాడు గుర్తున్నాడా, చెవికి పోగు,
ఎల్రిక్ అనో ఏదో పేరు?
నువ్వు నీళ్లు మార్చడానికి వెళ్లగానే నా చెవిలో అన్నాడు,
ఇంత తెల్లని కింగ్‌స్నేక్ పుట్టి బుద్ధెరిగి చూడలేదని.
కొత్త ట్రక్కు వచ్చేంత ధర చెప్పాడు.
చేతిలో నాలుగు తమాలీలు పెట్టి పంపేశాను.
ఏమన్నాడని అడిగావు.
"ఇంకా పండలేదన్నాడు" అన్నాను.
ఆ మాట నీదే. నీ దగ్గరే దొంగిలించాను.

కుబుసానికి ముందు పాము కళ్లు
పాలు పోసినట్టు మసకబారతాయి.
ఆ వారం దాన్ని ముట్టుకోకూడదని నేర్పింది నువ్వే.
అందుకే నిన్ను ముట్టుకోలేదు,
పదకొండేళ్లు.

సిల్వర్ సిటీలో నీ కంటి పొర తీసేశారు.
పట్టీ విప్పిన పొద్దున కాఫీ తాగకుండా గ్యారేజీలోకి వెళ్లావు.
డబ్బా లాగిన చప్పుడు, మూసిన చప్పుడు.
నలభై ఒకటి లెక్కపెట్టాను.
పొయ్యి మీద బీన్స్ అడుగంటుతున్నాయి,
లేచి వెళ్లి మంట తగ్గించడానికి కూడా
నాకు కాళ్లు రాలేదు.

నువ్వొచ్చి పుస్తకం అడిగావు.
నిలబడే చదివావు, వేలు పెట్టి, గడి వెంట గడి.
కోప్పడతావనుకున్నాను.
ఏడుస్తావని అంతకన్నా భయపడ్డాను.
"ఈ సిరా నీలమా?" అన్నావు.
ఎప్పుడూ నీలమే, అన్నాను.
"నలుపనుకున్నాను" అన్నావు,
ఇంకో నాలుగు పేజీలు
ఆ నీలం కోసమే తిప్పావు.

నిన్న ఫ్రిజ్జులో ఒక గుడ్డు చీలింది.
పిల్లను నా అరచేతిలో పెట్టి, చెప్పు, అన్నావు.
నేను చెప్పలేదు.
మొదటి కుబుసం విడిచేదాకా
ఏ పిల్ల రంగూ దాని రంగు కాదని
నువ్వే కదా అనేవాడివి.
అది నా బొటనవేలు కరిచి పట్టుకుని వదల్లేదు.
నువ్వు పెన్ను మూత తీసి
నంబరు, తల్లి, తండ్రి రాసి
అలాగే నిలబడ్డావు.