యెలుకలు, పడి ఒకటి

మా ముత్తాతకు తాత చెంగల్రాయ శెట్టి
కవిత్వం రాయలేదు.
బెల్లం రాశాడు. చింతపండు, ఆముదం, రాగులు,
గిరింపేట దొరల బంగళాలకు పంపిన కొబ్బరినూనె రాశాడు.
ప్రతి పేజీ నెత్తిన ఒక శ్రీ,
దాని కింద తిథి, వారం,
నీవాలో నీళ్లు ఎంతమేర ఉన్నదీ:
"మోకాటి లోతు." "చీలమండ." "చెలమ తవ్వినారు."

నేను చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో
లెక్కలు రాసేదాన్ని.
తేదీ కంటే ముందు తేడా చూస్తాను.
అందుకే మా పెదనాయన ఈ పుస్తకం నా చేతిలో పెట్టాడు.
సగం చెదలు తిన్నాయి, సగం ఆముదం తాగింది.
"నీకైతే తెలుస్తుందిలే" అన్నాడు.

యువ సంవత్సరం నాటి ఊరంతా ఇందులో ఉంది.
కచేరీ బంట్రోతు లాలూఖాను బాకీ ఆరణాలు.
సంతపేటలో ఎద్దుల పోట్లాట, పగిలిన నూనె కుండ,
తప్పెవరిదీ కాదని శెట్టి తీర్పు,
నష్టం మాత్రం తన పద్దులోనే.
మద్రాసు నుంచి బండి మీద దిగిన మట్టినూనె దీపం:
"వాసన చెడ్డది. వెలుతురు మంచిది. రెండు కొంటిని."
భార్య మునెమ్మ గురించి ఏడాది మొత్తానికి ఒక్క మాట:
"యింటిలో కోపము. కారణము తెలియదు."

ధాత వచ్చేసరికి అక్షరాలు సన్నబడ్డాయి.
రాగులు రూపాయికి ఇరవై పడులు,
పద్నాలుగు,
తొమ్మిది,
ఆరు.
అమ్మాడు. దాచిపెట్టను, ఆ ధరకే అమ్మాడు.
తాకట్టు పేజీలు లావెక్కాయి:
తపేలా, చెంబు, కడియం ఒకటే, ఎద్దు మెడలో గంట,
"తాళిబొట్టు తెచ్చినది. వద్దంటిని.
మరల తెచ్చినది. తీసుకొంటిని."
అక్కడ పుస్తకం మూసి
లేచి టీ పెట్టుకున్నాను.

మార్గశిరం నుంచి లెక్క తప్పింది.
ప్రతి రాత్రీ రాగుల నిల్వలో ఒక పడి తక్కువ.
ఎదురుగా: "యెలుకలు, పడి ఒకటి."
మరునాడూ అంతే. ఆ మరునాడూ.
ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో
గోడౌన్ ఎలుకల్ని చాలా చూశాను.
ఏ ఎలుకా కొలిచి తినదు.
ఏ ఎలుకా తలగొట్టిన పడి దగ్గర
మూతి తుడుచుకుని వెళ్లిపోదు.

తమ్ముడు వీరాసామికీ దుకాణంలో పాలుంది.
అంచున వేరే చేతిరాత, మొరటుగా:
"పిల్లిని పెంచవలెను."
దాని కింద శెట్టి జవాబు:
"పిల్లికి పాలు యెక్కడివి."
అన్నదమ్ములు పక్కపక్క గదుల్లో పడుకుంటూ
ఈ మాటలు కాగితం మీదే అనుకున్నారు.

ఫాల్గుణ బహుళంలో ఒక రాత్రి:
"యెలుక రాలేదు."

వేలు పెట్టి వెనక్కి లెక్కపెట్టాను.
నూట పదమూడు రాత్రులు యెలుకలు.
ఆ ఒక్క రాత్రి, యెలుక.

మరునాడు: "రాలేదు."
మూడోనాడు రాగుల నిల్వ సరిపోయింది.
కింద రెండు గీతలు.
సరిపోయిన లెక్క చూస్తే
నాకెప్పుడూ కడుపు చల్లబడుతుంది.
ఆ రెండు గీతల్ని మాత్రం చాలాసేపు
గోటితో గీరుతూ కూర్చున్నాను.

ఈశ్వర, ఆశ్వయుజంలో వాన.
"నీవాలో నడుము లోతు. చింతపండు తడిసినది.
నష్టము రూపాయలు నాలుగు."
లాలూఖాను ఆరణాలు ఇంకా బాకీయే.

మా ఇంట్లో ఒక ఇత్తడి చెంబుంది.
అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు,
మా వంశంలో ఎవరిదీ కాదు.
మొదటి అక్షరం య.
తక్కినది చింతపండుతో తోమి తోమి అరిగిపోయింది.
ఎవరిదే ఇది అని అడిగితే
జేజి చెప్పేది, "మొదట్నుంచీ ఉండాది."
రోజూ దాంతోనే నీళ్లు ముంచుకుంటాం.