నీరెండ

ఒరోదారాలో ఐదింటికే కత్తులు పంచుతారు.
లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటారు.
పిడి విరిగిన కత్తికి సైకిలు ట్యూబు చుట్టుకుంది మినాతా,
అది ఆమెదేనని కొత్తవాళ్ళకీ తెలుసు.

నీలిటోపీల కింద నూటపది మంది ఆడవాళ్ళు.
అమెలీ కాపు అయిపోయింది, ఇప్పుడంతా బ్రూక్స్.
తొక్క తీస్తుంటే మోచేతిదాకా రసం,
మధ్యాహ్నానికి వేళ్ళ సందులు ఒరిసిపోతాయి.
తీపి కూడా కోస్తుందంటే
ఎక్కడో పొట్లం చింపి తినేవాళ్ళు నమ్మరు.

కాంటా నాది.

పైకప్పు నిండా నల్లరేకు, రేకు మీద గాజు.
ఆ ఇరుకులోకి గాలి చల్లగా దూరి
చిరాగ్గా బయటికొస్తుంది.
అరవై డిగ్రీలు. దాటితే ముక్క అంచు మాడుతుంది,
తగ్గితే కడుపులో పులుస్తుంది.
ఆ నడిమి దారిన దాన్ని నడిపించడం దౌదా పని,
మొండిమేకను సంతకు తోలుకెళ్ళినట్టు.

మునుపు గ్యాసుండేది.
లారీ రాని వారం పద్నాలుగు టన్నుల పండు
గుట్టగా కూర్చుని కుళ్ళింది.
ఈగలకు పండగ, మాకు పస్తు.
సూర్యుడికి లారీ అక్కర్లేదని
మదాం బార్రో అప్పు తెచ్చి గాజు వేయించింది.
నిజమే, లారీ అక్కర్లేదు.
సెలవు చీటీ కూడా అక్కర్లేదు ఆయనకు.

కోతకు పచ్చితూకం మీద కూలి,
తట్టలు మోసి ఆరబెట్టేందుకు ఎండుతూకం మీద.
ఐదు కిలోల ముక్కలు లోపలికెళితే
ఒక్క కిలో బయటికొస్తుంది, తోలులా వంగుతూ.
"తక్కిన నాలుగు కిలోల కూలి ఎవరు తిన్నారు?"
మినాతా కాంటా దగ్గర నిలబడి అడిగింది.
ఆవిరికి కూలేమిటని నవ్వాను.
ఆమె చిమ్నీ వైపు గడ్డం ఎత్తింది:
"అక్కడిదాకా మోసింది మేమే కదా."
నేను రశీదు మీద సంతకం పెట్టాను.
పెన్ను రెండుసార్లు విదిలించాల్సి వచ్చింది.

మామిడి ముగ్గే నెలలోనే
ఇక్కడ మబ్బులూ ముగ్గుతాయి.
ఆ గురువారం రెండింటికి గాజు మీద నీడ పడింది.
యాభై నాలుగు. నలభై ఏడు.
దౌదా పరుగెత్తి పొయ్యి రాజేశాడు,
నిరుడు ఎండేసిన టెంకలు ఎగదోసి.
పండును కాపాడటానికి దాని టెంకే కాలుతోంది.
నలభై తొమ్మిది అని అరిచాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు,
అందరి చేతులూ తట్టల కింద ఉన్నాయి.

అప్పుడు వాన.
రేకుల మీద కంకర కుమ్మరించినట్టు.
మినాతా గుమ్మంలోకి వెళ్ళి నాలుక చాపింది.
చప్పరించి, మొహం చిట్లించి,
"మన నీళ్ళే. తీపి మాత్రం లోపలే అట్టేపెట్టుకున్నారు," అంది.
ఈసారి నవ్వింది నేను కాదు, నూటతొమ్మిది మంది.

ఐదున్నరకు తెరిపిచ్చింది.
పడమటి నుంచి ఏటవాలుగా నీరెండ.
దౌదా మీటరు చూసి పెదవి విరిచాడు,
ఆ ఎండకు ముక్క ఆరదు.
టోపీలు తీసి వాళ్ళు తడిసిన జడలు దులుపుకున్నారు,
గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని,
ఒక పావుగంట
ఎవరి తూకానికీ చెందకుండా.

రాత్రి పుస్తకం తెరిచాను.
పచ్చి, ఎండు, తరుగు: మూడే గళ్ళు.
'తరుగు' ఎదురుగా అంకె వేయబోయి ఆగాను.
బయట చూరు ఇంకా కారుతోంది,
పక్కన పెట్టెలో కత్తులు. మళ్ళీ లెక్కపెట్టాను.
నూట తొమ్మిది.
నూటపది అని రాసుకున్నాను.